పొడి దువ్వెన సలహా ఉంగరాల జుట్టుకు వర్తించదు

సంపాదకులు గారికి నమస్కారాలు.

గత ఆదివారం మీ పత్రిక అనుబంధంలో వర్షాకాలపు కేశ సంరక్షణ గురించి వచ్చిన వ్యాసాన్ని మా మనవరాలు నాకు చదివి వినిపించింది. జుట్టును రోజుకు రెండుసార్లు కుదుళ్ల నుంచి చివరిదాకా దువ్వాలనీ, తడి జుట్టుకు దువ్వెన తగలనివ్వకూడదనీ, చెమట పట్టే రోజుల్లో రోజు విడిచి రోజు షాంపూతో తలస్నానం చేయాలనీ, తువ్వాలుతో గట్టిగా తుడిచి వెంటనే ఆరబెట్టుకోవాలనీ అందులో ఉంది. ‘ఉంగరాల జుట్టు సమస్య ఉన్నవారు’ పార్లర్‌లో స్మూతనింగ్, అంటే రసాయనాలతో జుట్టును నిటారు చేయడం, చేయించుకుంటే శ్రమ తగ్గుతుందని చివరి పేరాలో మరొక వాక్యం కూడా ఉంది. పదమూడేళ్ల ఆ పిల్ల పేపరు మడిచి, ‘అయితే నాది సమస్యన్నమాట, అమ్మమ్మా’ అంది. ఆ మాటే నా చేత ఈ ఉత్తరం రాయిస్తున్నది.

నేను జూనియర్ కళాశాలలో రసాయనశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. చర్మవైద్యురాలిని కాను కనుక, జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలిపోయేవారికీ, మాడు మీద పొలుసులూ పుండ్లూ ఉన్నవారికీ నేను చెప్పగలిగింది ఏమీ లేదు. వారు వైద్యుల దగ్గరికే వెళ్లాలి. కాని ఉంగరాల జుట్టును అరవై ఏళ్లకు పైగా నెత్తిన మోసినదాన్ని, అందులో మొదటి నలభై ఏళ్లు అచ్చంగా మీ వ్యాసంలోని సలహాల ప్రకారమే దాన్ని పాడుచేసుకున్నదాన్ని కావడం వల్ల, ఆ సలహాలు తిన్నని జుట్టుకు మాత్రమే సరిపోతాయని గట్టిగా చెప్పగలను. వ్యాసకర్త ఆ ఒక్క మాట చేర్చి ఉంటే నాకు ఏ అభ్యంతరమూ ఉండేది కాదు.

తేడా ఎక్కడుందో ముందు చెప్పాలి. తిన్నని వెంట్రుకను అడ్డంగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే దాదాపు గుండ్రంగా కనబడుతుంది. ఉంగరాల వెంట్రుక కోడిగుడ్డులా కాస్త నొక్కుకుపోయి ఉంటుంది. చర్మం లోపల అది మొలిచే కుదురే వంకరగా ఉంటుంది కనుక వెంట్రుక పుట్టుకతోనే మెలిక తిరిగి పైకి వస్తుంది. మాడులో ఊరే సహజమైన జిడ్డు తిన్నని వెంట్రుక మీద తేలికగా కిందికి జారి చివరిదాకా చేరుతుంది కాని, మెలికలున్న వెంట్రుక మీద మొదటి రెండు మూడు మలుపుల దగ్గరే ఆగిపోతుంది. అందుకే మా వంటివారి మాడు జిడ్డుగా ఉన్నా చివరలు ఎండుగడ్డిలా ఉంటాయి. దీనికి తోడు ప్రతి వెంట్రుక పైనా పెంకుటింటి కప్పు మీద పెంకుల్లాగా ఒకదానిపై ఒకటి వాలిన సన్నని పొలుసులు ఉంటాయి. మెలిక తిరిగిన ప్రతిచోటా ఆ పెంకు కాస్త లేచి ఉంటుంది. లోపలి తేమ అక్కడి నుంచే పోతుంది, పక్క వెంట్రుక వచ్చి అక్కడే చిక్కుకుంటుంది. అంటే ఎండిపోవడం, చిక్కుపడడం ఈ జుట్టు నిర్మాణంలోనే ఉన్నాయి తప్ప మనిషి అశ్రద్ధ వల్ల వచ్చినవి కావు. గుండు చేయిస్తే ఉంగరాలు పోతాయని చుట్టాలు చెప్పే మాటకు కూడా ఆధారం లేదు. పుట్టువెంట్రుకలు తీయించాక జుట్టు తీరు మారడం వయసు వల్ల జరిగేదే. కత్తి తీసేది చర్మం పైనున్నదాన్ని మాత్రమే, కుదురు వంకర దానికి అందదు.

ఇక దువ్వెన సంగతి. వెంట్రుకలోని కెరటిన్ అనే మాంసకృత్తుకు రూపమిచ్చే బంధాల్లో రెండు రకాలు ముఖ్యమైనవి. గంధకపు బంధాలు గట్టివి, నీళ్లకు లొంగవు. హైడ్రోజన్ బంధాలు బలహీనమైనవి. తడవగానే విడిపోయి, ఆరేటప్పుడు మళ్లీ కలుస్తాయి. అందువల్ల ఉంగరాల జుట్టు ఏ తీరులో ఆరుతుందో మళ్లీ తడిసేదాకా ఆ తీరులోనే ఉంటుంది. పాయలు పాయలుగా అతుక్కుని ఆరిన జుట్టును పొడిగా ఉన్నప్పుడు దువ్వితే, ఒక్కొక్క పాయలోని వందల వెంట్రుకలు విడివిడిగా విచ్చుకుని ఒకదానితో ఒకటి పొందిక లేకుండా లేచి నిలబడతాయి. దాన్నే మన ఇళ్లలో పీచు అనీ, పిచ్చుకగూడు అనీ అంటారు. రోజుకు రెండుసార్లు దువ్వమనడమంటే రోజుకు రెండుసార్లు పిచ్చుకగూడు కట్టమని చెప్పినట్టే. తడి వెంట్రుక సాగుతుంది, బలహీనంగా ఉంటుంది, కనుక దువ్వకూడదన్న సూత్రం తిన్నని జుట్టు విషయంలో సరైనదే. మాకు మాత్రం పొడిగా దువ్వితే తెగే వెంట్రుకలే ఎక్కువ. తడిగా, జారుడుగా ఉన్నప్పుడు, పళ్లు ఎడంగా ఉన్న దువ్వెనతోనో వేళ్లతోనో, చివరల నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పైకి వెళ్తూ చిక్కు తీయాలి. ఇక్కడ ‘జారుడుగా’ అన్న మాట ముఖ్యం. ఉత్త నీళ్లతో తడిసిన జుట్టును దువ్వితే నేను చెప్పిన ప్రయోజనం ఏదీ రాదు.

ఈ సంగతి నాకు ఏ పుస్తకమూ నేర్పలేదు. తెనాలిలో మా అమ్మమ్మ ఆదివారం పూట నాకు తల అంటేటప్పుడు, గింజలు తీసి వేడినీళ్లలో నానబెట్టిన కుంకుడుకాయల పులుసులో మందారాకులు పిసికి కలిపేది. ఆ జిగురు తలంతా పట్టాక, నీళ్లు పోయకముందే, తన వేళ్లతో పాయలు విడదీస్తూ చిక్కు తీసేది. ‘ఆగవే, నానితే దానంతట అదే వస్తుంది’ అనేది. కంట్లో కుంకుడు పులుసు పడి నేను పెట్టిన కేకలు వీధి చివరికి వినబడేవి కాని, చిక్కు తీసినందుకు ఏడ్చిన గుర్తు లేదు. ఏడిపించినది సోమవారం ఉదయం బడికి వెళ్లే ముందు మా అమ్మ చేతిలోని పొడి దువ్వెనే. మందారాకు జిగురు చేసిన పనినే ఇప్పుడు సీసాలోని కండిషనర్ చేస్తున్నది. ఇంకాస్త బాగా చేస్తున్నదని కూడా ఒప్పుకోవాలి.

ఎందుకంటే పాతదంతా బంగారమని చెప్పడానికి నేను ఈ ఉత్తరం రాయడం లేదు. కుంకుడుకాయలోని సపోనిన్లు అనే నురగనిచ్చే పదార్థాలు మురికిని చక్కగా వదిలిస్తాయి, సబ్బులా క్షారగుణం లేదు, శీకాకాయకైతే కొంచెం పులుపు కూడా ఉంది. కాని కుంకుడు పులుసు జుట్టులోని జిడ్డును పూర్తిగా లాగేస్తుంది. నూనె పెట్టకుండా వాడితే ఉంగరాల జుట్టు కొబ్బరిపీచే. శీకాకాయ పొడి మెలికల్లో ఇరుక్కుని రెండు రోజులపాటు రాలుతూనే ఉంటుంది. స్నానపు సబ్బుతో తల రుద్దుకోవడం వీటన్నిటికంటే చెడ్డది. సబ్బు క్షారానికి పెంకులు మరింత పైకి లేస్తాయి. షాంపూల్లో నురగ కోసం వేసే సోడియం లారిల్ సల్ఫేట్ వంటివి ఘాటుగా పనిచేస్తాయి కనుక, ఉంగరాల జుట్టువారు సీసా వెనుక చదివి తేలికపాటివి ఎంచుకోవడం మేలు. వారానికి ఒకసారి, బాగా చెమట పడితే రెండుసార్లు చాలు. షాంపూను మాడుకు మాత్రమే పట్టించి, గోళ్లతో కాక వేలికొసలతో రుద్దితే, కడిగేటప్పుడు జారే నురగతోనే కింది జుట్టు శుభ్రపడుతుంది. కండిషనర్ దీనికి తలకిందులు, అంటే మాడుకు వద్దు, చెవుల దగ్గర నుంచి కిందికి కావాలి. సందర్భం వచ్చింది కనుక చెబుతున్నాను, షాంపూ అన్న మాటకు మొదట అర్థం మర్దన అనే. పాట్నాలో పుట్టిన దీన్ మహమ్మద్ 1814లో ఇంగ్లండులోని బ్రైటన్ చేరి అక్కడి స్నానశాలలో దొరలకు చేసినది ఒళ్లు మర్దనే. ఆ అర్థం సీసాల్లో పోయినా మన తలంటులో ఇంకా మిగిలి ఉంది.

షాంపూ అసలే వద్దు, కండిషనర్‌తోనే తల కడుక్కోవాలని చెప్పే పద్ధతి ఒకటి అమెరికా నుంచి వచ్చి మన పిల్లల ఫోన్లలో తిరుగుతున్నది. మా మనవరాలు తన జుట్టు ‘3బి’ రకమని చెబితే నాకు మొదట అర్థం కాలేదు. అమెరికా టీవీ వ్యాఖ్యాత ఓప్రా విన్‌ఫ్రేకు కేశాలంకరణ చేసిన ఆండ్రే వాకర్ 1990లలో జుట్టును తిన్ననిది, అలలది, ఉంగరాలది, చుట్టలది అని నాలుగు రకాలుగా విభజించాడట. ఆ అంకెల పక్కన అక్షరాలు వంకీ ఎంత బిగువో చెబుతాయట. పేరు పెట్టుకోవడం వరకు మంచిదే. కాని మన దుమ్ములో, మన చెమటలో, నూనె అలవాటున్న తలల మీద కండిషనర్ ఒక్కటే మురికిని వదిలించలేదు. నెల తిరగకుండానే మా పిల్ల తల దురద అని గోకడం మొదలుపెట్టింది. వానాకాలంలో మరొక చిక్కు ఉంది. ఆ వీడియోల్లో మెచ్చుకునే గ్లిజరిన్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పొడిగా ఉండే ఊళ్లలో అది ఒక మోతాదు వరకు మేలే చేస్తుందేమో కాని, ఆషాఢ శ్రావణాల్లో కృష్ణా జిల్లా గాలిలో అదే జుట్టును ఉబ్బిస్తుంది. వర్షాకాలం పేరు పెట్టి వ్యాసం వేసినప్పుడు చెప్పవలసిన మాట ఇది.

నీళ్ల సంగతి ఎవరూ రాయరు. తెనాలిలో కాలువ నీళ్లతో పెరిగిన జుట్టు, మా అమ్మాయి కాపురం హైదరాబాదుకు మారి బోరు నీళ్లున్న అపార్ట్‌మెంట్‌లో చేరాక మనవరాలి తలమీద ఆరు నెలల్లో చీపురుకట్టలా తయారైంది. ఇంట్లోవారు నూనెను, షాంపూను, చివరికి పిల్లను కూడా తప్పుపట్టారు. పాత అలవాటు కొద్దీ ఆ నీటిని సీసాలో పట్టుకెళ్లి నేను పనిచేసిన ప్రయోగశాలలో ఈడీటీఏ టైట్రేషన్, అంటే కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకునే ఈడీటీఏ అనే రసాయనంతో నీటి కాఠిన్యాన్ని కొలిచే పరీక్ష, చేయించాను. తాగునీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదనీ, వేరే నీరు లేనిచోట 600 వరకు సహించవచ్చనీ భారతీయ ప్రమాణాల సంస్థ చెబుతున్నది. ఈ నీరు మొదటి హద్దుకు రెండింతలు దాటింది. ఆ కాల్షియం, మెగ్నీషియం వెంట్రుకకు అంటుకుని దాన్ని బిరుసు చేస్తాయి. సబ్బు తోడైతే తెల్లని తెట్టు కూడా కడుతుంది. ఇల్లంతటికీ యంత్రాలు పెట్టించుకోలేకపోయినా, చివరి నాలుగు చెంబులు మునిసిపాలిటీ పంపు నీటితో పోసుకుంటే తేడా తెలుస్తుంది. నెలకు ఒకసారి ఈడీటీఏ వంటివి ఎక్కువగా ఉన్న షాంపూ వాడినా ఆ పేరుకున్నది వదులుతుంది. నేను బ్యూరెట్ అనే కొలత గొట్టంలో పోసిన పదార్థమే షాంపూ సీసా మీద కనబడినప్పుడు, పదవీ విరమణ చేసిన ఇన్నేళ్లకు ఎవరో పాత విద్యార్థి ఎదురుపడినంత సంతోషం కలిగింది.

ఆరబెట్టడం గురించి మీ వ్యాసం చెప్పినదానికి పూర్తిగా వ్యతిరేకమైనది చెప్పాలి. నూలు తువ్వాలు కుచ్చులు లేచిన పెంకులను పట్టి లాగుతాయి. పాత పంచె ముక్కో, వాడి మెత్తబడిన బనీను గుడ్డో తీసుకుని, తల ముందుకు వంచి, జుట్టును కింది నుంచి పిడికిట్లోకి తీసుకుని పైకి నొక్కితే నీరు గుడ్డకు పోతుంది, ఉంగరం ఉంగరంగానే ఉంటుంది. నీళ్లు కారుతుండగానే అవిసె గింజల జిగురు రాస్తే ఆ ఉంగరం ఆరేదాకా విడిపోదు. పావు కప్పు గింజలు రెండు కప్పుల నీళ్లలో సన్నని మంట మీద కలుపుతూ ఉడికించి, గుడ్డులోని తెల్లసొనలా తీగ సాగుతుండగానే దించి, వేడి మీదే పల్చని గుడ్డలో వడకట్టాలి. చల్లారనిస్తే ఎంత పిండినా దిగదు, గుడ్డా దక్కదు, ఇది అనుభవం. ఫ్రిజ్‌లో వారం మించి ఉంచకూడదు. ఆరాక జుట్టు గంజి పెట్టిన చీరలా బిరుసుగా ఉంటే కంగారుపడనక్కరలేదు. పూర్తిగా ఆరనిచ్చి, రెండు చుక్కల నూనె అరచేతికి రాసుకుని మెల్లగా పిసికితే ఆ బిరుసు పోయి ఉంగరాలు మిగులుతాయి. ఆరేటప్పుడు మాత్రం చేయి పెట్టకూడదు. అన్నిటికంటే కష్టమైన పని అదే.

నూనె గురించి రెండు మాటలు. తలంటుకు ముందు నూనె పెట్టాలన్న మన పద్ధతిలో సారం ఉంది. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి, కడిగేటప్పుడు పోయే మాంసకృత్తును తగ్గిస్తుందనీ, పొద్దుతిరుగుడు నూనె, ఖనిజ తైలం ఆ పని చేయలేదనీ 2003లో ముంబై పరిశోధకులు ప్రచురించారు. వారు కొబ్బరినూనె అమ్మే సంస్థలో పనిచేసేవారే కనుక ఆ మాట కూడా పాఠకులకు తెలియడం న్యాయం. అయితే బడికి పంపే ముందు రోజూ కారేటట్టు నూనె పెట్టడం వేరే విషయం. చుండ్రుకు సంబంధించిన సూక్ష్మజీవికి నూనెలే ఆహారం. ఆ ఇబ్బంది ఉన్న పిల్లలకు మాడుకు కాక జుట్టు పొడవుకే నూనె రాయాలి.

బడి మాట వచ్చింది కనుక చెప్పాలి. రెండు జడలు, రిబ్బన్లు అన్న నియమం మన రాష్ట్రాలు రెండింటిలోనూ చాలా బడుల్లో ఉంది. జడకు నాకు అభ్యంతరం లేదు. ఉంగరాల జుట్టుకు వదులైన జడ రక్షణే. కాని జడలోంచి లేచిన ముంగురులు చూసి ప్రార్థన వరుసలో పిల్లను నిలబెట్టి, ఇంట్లో దువ్వేవాళ్లు లేరా అని అడిగిన బడిని నేను ఎరుగుదును. పేను దువ్వెన లోపలికి దిగదు కనుక పేలున్నాయని అనుమానించిన బడినీ ఎరుగుదును. తడి జుట్టుకు కండిషనర్ పట్టించి దువ్వితే ఆ దువ్వెన చక్కగా దిగుతుందని, పేలుంటే ఇంకా బాగా దొరుకుతాయని వారికి చెప్పవలసి వచ్చింది. తోటి పిల్లలు నూడుల్స్ అంటారు, మా కాలంలో సాయిబాబా అనేవారు. జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అన్న మన సామెత ఏ రకం జుట్టో చెప్పలేదు. నుదుటి మీద వంకీలు తిరిగే కురులకు అలకలని వేరే పేరు పెట్టుకుని మరీ కవులు పొగిడారు. అమరావతి శిల్పులు బుద్ధుడి తలమీద చెక్కినవి కుడివైపు తిరిగిన చిన్న చిన్న ఉంగరాలే. అది సమస్య అన్న మాట మనకు ఎప్పుడు అలవాటైందో నాకు తెలియదు కాని, పత్రికలో అచ్చయితే పిల్లలు దాన్ని నమ్ముతారు.

చివరగా స్మూతనింగ్. మీ వ్యాసం దాన్ని నూనె, షాంపూల వరుసలో ఒక మామూలు సలహాగా చెప్పడం నాకు అన్నిటికంటే బాధ కలిగించింది. శాశ్వతంగా నిటారు చేసే క్రీములు థయోగ్లైకోలేట్ వంటి రసాయనాలతో నేను పైన చెప్పిన గంధకపు బంధాలనే తెంచి, వంగని ఆకృతిలో మళ్లీ కలుపుతాయి. నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున కొత్త జుట్టు మళ్లీ ఉంగరాలుగానే వస్తుంది. ఆరు నెలలకు తల పైభాగం ఒక రకం, కింది భాగం ఒక రకం, రెంటి నడుమ తెగిపోయే గీత. కెరటిన్ పేరుతో చేసే మరి కొన్నిటిలో వేడి తగిలినప్పుడు ఫార్మాల్డిహైడ్ వెలువడుతుంది. అది మనుషుల్లో క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ గుర్తించింది. దానికి బదులుగా వచ్చిన గ్లయాక్సిలిక్ ఆమ్లం కథ 2024లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. ట్యునీషియాలో జుట్టు నిటారు చేయించుకున్న 26 ఏళ్ల యువతికి, చేయించుకున్న మూడుసార్లూ మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. జుట్టును రసాయనాలతో తరచుగా నిటారు చేయించుకునే స్త్రీలలో గర్భాశయ క్యాన్సర్ ఎక్కువగా కనబడిందని 33 వేల మందికి పైగా అమెరికన్ స్త్రీలను గమనించిన అధ్యయనం 2022లో తెలిపింది. కారణం అదేనని ఆ ఒక్క అధ్యయనంతో తేల్చలేము, మొత్తం మీద ఆ జబ్బు అరుదైనదే. పెద్దవారు తెలిసి చేయించుకుంటే అది వారి ఇష్టం. కాని తెలియజేయవలసిన పత్రిక ఆ పని చేయకుండా పార్లర్ దారి చూపించడం సరికాదు.

మీ శీర్షిక నిర్వాహకులకు నా విన్నపం చిన్నదే. ఆ వ్యాసంలోని దువ్వెన, తువ్వాలు, తలస్నానాల సలహాలు తిన్నని జుట్టుకు మాత్రమేనని ఒక సవరణ వేయండి. ఉంగరాల జుట్టు గురించి చర్మవైద్యుల చేత విడిగా ఒక వ్యాసం రాయించండి. నేను రాసినవాటిలో తప్పులుంటే వారే దిద్దుతారు. ఎలాగూ ప్రతి ఏటా దీపావళికి ముందు అభ్యంగన స్నానం గురించి ఒక పేజీ వేస్తారు కదా, ఆ పేజీకి బొమ్మగా ఈసారైనా మోకాళ్ల దాకా తిన్నగా జారే జడ కాకుండా, తల అంటుకుని పాత పంచెగుడ్డ చుట్టుకున్న ఒక ఉంగరాల జుట్టు పిల్లను వేయగలిగితే మా ఇంట్లో ఒకరు దాన్ని కత్తిరించి దాచుకుంటారు.

ఇట్లు,
ఒక విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకురాలు,
తెనాలి